బ్లడ్ కాన్సర్ రకం మారుతుందా?

ప్రశ్న: మా బాబుకి పదకొండో నెలలో బ్లడ్ కాన్సర్ అని తేలింది. ఎ.ఎల్.ఎల్. అన్నారు. పెద్ద ఆస్పత్రిలో ఏడాదిన్నరగా మందులు వాడుతున్నాం. మధ్యలో జబ్బు పూర్తిగా అణిగిందన్నారు. బాబు నడిచాడు, మాటలు వచ్చాయి. పోయిన నెలలో మళ్ళీ జ్వరం, ఒంటిమీద నల్లమచ్చలు. మూలుగ తీసి పరీక్ష చేసి, ఈసారి ఎ.ఎం.ఎల్. అంటున్నారు. మా మామగారు "రోగమేమిటో తెలియకుండానే ఇన్నాళ్ళూ పసివాడికి మందులు ఎక్కించారు, ఇక ఆస్పత్రి గడప తొక్కొద్దు, నాటువైద్యం చేయిద్దాం" అంటున్నారు. కడుపుతో ఉన్నప్పుడు నేను గ్రహణం చూడబట్టే ఇలా అయిందని మా అత్తగారు అంటారు. మొదటి పరీక్ష తప్పా? ఒక రకం కాన్సర్ ఇంకో రకంగా మారుతుందా? తప్పు నాదేనా? మా ఆరేళ్ళ పాపకి కూడా వస్తుందా?
— ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, మీరడిగిన నాలుగింటికీ ముందు క్లుప్తంగా జవాబు చెప్పి, తర్వాత వివరిస్తాను. మొదటి పరీక్ష తప్పయి ఉండాలని లేదు. అప్పటి రిపోర్టూ, ఇప్పటి రిపోర్టూ రెండూ నిజమే కావచ్చు. బ్లడ్ కాన్సర్ రకం మారడం అరుదే గాని, లేని సంగతి కాదు. ఏడాది నిండకుండా ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో తక్కినవారిలో కంటె ఎక్కువగా కనిపిస్తుంది. మీ గర్భానికీ గ్రహణానికీ ఈ జబ్బుతో ఏ సంబంధమూ లేదు. మీ పాప గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు. వీటన్నిటికంటె ముఖ్యం, చికిత్స మానిపించవద్దు. వీలైతే ఈ పేజీని మీ మామగారికి చదివి వినిపించండి.

రక్తం పుట్టే చోటు

రక్తం ఎముకల లోపలి మూలుగలో తయారవుతుంది. పెద్దవాళ్ళలో ఎర్రకణాలే రోజుకు సుమారు 20,000 కోట్లు కొత్తగా పుడతాయి. ఇన్ని కణాలకూ పుట్టుక మూలుగలో దాగి ఉండే కొద్దిపాటి మూలకణాల నుంచే. ఇంగ్లీషులో వీటినే స్టెమ్ సెల్స్ అంటారు.

ఇది ఊహ కాదు, రుజువైన విషయం. కెనడా దేశంలో, టొరాంటో నగరంలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎలుకలకు రేడియేషన్ ఇచ్చి వాటి మూలుగను పనికిరాకుండా చేశారు. తర్వాత ఆరోగ్యంగా ఉన్న ఎలుకల మూలుగ కణాలను వాటికి ఎక్కించారు. పది రోజులు గడిచేసరికి ఆ ఎలుకల ప్లీహం మీద చిన్న చిన్న బొడిపెలు లేచాయి. కోసి చూస్తే ఒకే బొడిపెలో ఎర్రకణాలకూ, తెల్లకణాలకూ, ప్లేట్‌లెట్లకూ తల్లులైన కణాలన్నీ ఉన్నాయి. ఇది 1961 నాటి మాట. ఒక్కొక్క బొడిపె ఒక్కొక్క కణం నుంచే పెరిగిందని 1963లో నిర్ధారణ అయింది. అంటే అన్ని రకాల రక్తకణాలనూ పుట్టించగల కణం ఒకటి ఉన్నదన్నమాట.

మూలకణం వేరు అనుకోండి. అందులోంచి లేచిన మాను రెండు పెద్ద కొమ్మలుగా చీలుతుంది. ఒకటి లింఫాయిడ్ కొమ్మ. రోగక్రిములను గుర్తుపెట్టుకుని వాటిమీద ఆయుధాలు తయారుచేసే బి-కణాలు, టి-కణాలు ఈ కొమ్మవి. రెండవది మైలాయిడ్ కొమ్మ. ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, క్రిములను మింగేసే తెల్లకణాలు దీనివి.

పదో తరగతి పాసైన పిల్లవాడు ఎం.పి.సి.లోనూ చేరగలడు, బై.పి.సి.లోనూ చేరగలడు. ఒక గ్రూపులో చేరి రెండేళ్ళు చదివాక రెండోదాంట్లోకి మారడం కష్టం. కణాలూ అంతే. లేతగా ఉన్నంతవరకు ఏ కొమ్మకైనా పోగల శక్తి ఉంటుంది. ఒక దారి పట్టి ముదిరేకొద్దీ ఆ శక్తి పోతుంది.

కణం రకం ఎందుకు చూస్తారు?

లేత కణం ఒకటి ముదరడం మానేసి, తనలాంటి పనికిమాలిన కణాలనే కనుకుంటూ పోతే అది లుకేమియా. ఈ లేత కణాలను బ్లాస్టులు అంటారు. అవి మూలుగంతా ఆక్రమించుకుంటే మంచి కణాలకు చోటుండదు. ఎర్రకణాలు తగ్గితే పాలిపోతారు, ప్లేట్‌లెట్లు తగ్గితే ఒంటిమీద మచ్చలు లేస్తాయి, పనిచేసే తెల్లకణాలు తగ్గితే జ్వరం వదలదు.

బ్లాస్టులు లింఫాయిడ్ కొమ్మవైతే ఎ.ఎల్.ఎల్., మైలాయిడ్ కొమ్మవైతే ఎ.ఎం.ఎల్. పిల్లలకు వచ్చే లుకేమియాల్లో నూటికి 75కు పైగా మొదటి రకమే. రెండింటి చికిత్సా వేరు. ఎ.ఎల్.ఎల్.కు విన్‌క్రిస్టిన్, స్టిరాయిడ్లు, ఆస్పరాజినేస్, మెథోట్రెక్సేట్ వంటి మందులు రెండేళ్ళు, రెండున్నరేళ్ళు నడుస్తాయి. ఎ.ఎం.ఎల్.కు సైటరబిన్, డానోరూబిసిన్ వంటివి కొద్ది నెలలపాటు, కాని చాలా తీవ్రంగా ఇస్తారు. అందుకే డాక్టర్లు కణం రకం తేలేవరకు అంత పట్టుబడతారు. రంగులు వేసి మైక్రోస్కోపులో చూడడమే కాక, కణం పైపొర మీద ఉండే గుర్తులను ఫ్లో సైటోమెట్రీ అనే పరీక్షతో లెక్కిస్తారు. సి.డి.19 అనే గుర్తు ఉంటే సాధారణంగా బి-కణం, సి.డి.33 వంటివి ఉంటే మైలాయిడ్ కణం. ఇలా చూసి తేల్చిన రిపోర్టును "రోగమేమిటో తెలియలేదు" అని కొట్టిపారేయడం న్యాయం కాదు.

మందుల మాట వచ్చింది కనుక మీ మామగారికి ఇంకొకటి చెప్పండి. 1948లో బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు, లుకేమియాతో మంచం పట్టిన 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే 10 మంది కొంతకాలం తేరుకున్నారని ప్రకటించారు. అంతకుముందు ఈ జబ్బు పిల్లలకు వస్తే చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆ మందును లెడర్లీ ప్రయోగశాలలో తయారు చేయించి అందించినవారు మీ జిల్లావారే, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన పరిశోధన బృందం నుంచే వచ్చిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ ఈ చికిత్సలో ఉంది. మంచి చికిత్స అందే దేశాల్లో ఎ.ఎల్.ఎల్. వచ్చిన పిల్లల్లో ఇప్పుడు నూటికి 90 మంది వరకు బతికి బయటపడుతున్నారు. ఏడాదిలోపు పసివాళ్ళ విషయంలో మాత్రం ఈ అంకె చాలా తక్కువ.

రకం ఎలా మారుతుంది?

అమెరికాలో మెంఫిస్ నగరంలోని సెయింట్ జూడ్ పిల్లల ఆస్పత్రి డాక్టర్లు, లుకేమియా తిరగబెట్టిన 89 మంది పిల్లల కణాలను మొదటి పరీక్షలో కనిపించిన కణాలతో పోల్చి చూసి 1984లో ఆ వివరాలు ప్రచురించారు. ఆరుగురిలో కణాల రకం మారింది. కొమ్మ మారిందని దీనికి పేరు పెట్టారు. తర్వాత చాలా దేశాల్లో ఇటువంటి కేసులు నమోదయ్యాయి.

వీటిలో ఎక్కువసార్లు కనిపించే లోపం 11వ క్రోమోజోమ్ మీద ఉన్న ఎం.ఎల్.ఎల్. అనే జన్యువుది. దీన్ని ఇప్పుడు కె.ఎం.టి.2ఎ అంటున్నారు. రక్తకణం లేతగా ఉన్నప్పుడు ఏ జన్యువులు తెరుచుకోవాలో, ఏవి మూసుకోవాలో చెప్పే పెత్తనం దీనిది. ఈ జన్యువు మధ్యకు తెగి, వేరే క్రోమోజోమ్ ముక్కతో, తరచుగా 4వ క్రోమోజోమ్ ముక్కతో, అతుక్కుపోతుంది. అప్పుడు మూసుకోవలసిన జన్యువులు తెరుచుకునే ఉండిపోతాయి. కణం ముదరదు, చావదు. ఏడాదిలోపు పిల్లలకు ఎ.ఎల్.ఎల్. వస్తే నూటికి 70 నుంచి 80 మందిలో ఈ జన్యువు తెగి ఉంటుంది. ఎం.ఎల్.ఎల్. అన్న పేరుకు అర్థమే "మిశ్రమ వంశపు లుకేమియా" అని. మీ బాబు కాగితాలు నేను చూడలేదు. పదకొండో నెలలో వచ్చింది కనుక ఇదే అయి ఉండే అవకాశం ఎక్కువ.

ఇక రకం మారడానికి మూడు దారులున్నాయి.

మొదటిది, లోపం పుట్టిందే వేరు దగ్గర, అంటే ఏ కొమ్మా పట్టని మూలకణంలోనో, దానికి దగ్గరి లేత కణంలోనో కావడం. అక్కడినుంచి మొదట లింఫాయిడ్ వైపు చిగుళ్ళు వేసింది. ఎ.ఎల్.ఎల్. మందులు ఆ చిగుళ్ళను నరికాయి. వేరు మిగిలిపోయింది. ఈసారి మైలాయిడ్ వైపు చిగురించింది. చెట్టు అదే, కొమ్మ వేరు.

రెండవది, కొమ్మ పట్టిన కణమే దారి మార్చుకోవడం. గ్రూపు మారడం కష్టమన్నాను గాని, అసాధ్యం అనలేదు. 1999లో వియన్నా శాస్త్రజ్ఞులు పాక్స్-5 అనే ఒక్క జన్యువు లేని ఎలుకలలో, బి-కణాలు కావలసినవి ఇతర రకాల రక్తకణాలుగా మారగలవని చూపారు. 2004లో న్యూయార్కులో ఎలుకల బి-కణాల్లో మైలాయిడ్ కొమ్మకు చెందిన ఒక జన్యువును పనిచేయిస్తే, అవి క్రిములను మింగే కణాలుగా మారిపోయాయి. అంటే కణానికి తన కులం మీద ఉండే పట్టు కొన్ని జన్యువుల కాపలా మీద ఆధారపడి ఉంది. కాపలా తొలగితే పట్టు సడలుతుంది.

మూడవది, ఇది పాత జబ్బు కాకపోవడం. కాన్సర్ మందుల్లో కొన్ని, ముఖ్యంగా ఎటోపొసైడ్ వంటివి, అరుదుగా కొత్తగా మరో లుకేమియాకు కారణమవుతాయి. మందుల వల్లే ఇదంతా అనే మీ మామగారి అనుమానానికి ఆధారం ఉన్నది ఈ ఒక్కచోటే. దాన్ని తోసిపుచ్చకూడదు, పరీక్షతో తేల్చాలి.

ఎలా తేలుస్తారంటారా? ఒక కాగితాన్ని రెండుగా చింపితే ఆ చిరుగు అంచు మరే కాగితం చిరుగుకూ సరిపోదు. క్రోమోజోమ్ తెగి అతుక్కున్న చోటు కూడా బిడ్డబిడ్డకూ వేరుగా ఉంటుంది. మొదటిసారి దాచిన కణాల్లోనూ, ఇప్పటి కణాల్లోనూ అతుకు సరిగ్గా ఒక్కచోటే ఉంటే జబ్బు పాతదే, వేషం మారింది. వేరుగా ఉంటే జబ్బు కొత్తది. ఇంగ్లండులో న్యూకాసిల్ పరిశోధకులు ముందుండి నడిపిన ఒక అధ్యయనం 2022లో వెలువడింది. అందులో రకం మారిన రోగుల కణాల్లో అతుకు అలాగే ఉంది. కొందరిలో కొత్త జబ్బు బాగా లేత కణం నుంచీ, కొందరిలో బి-కణాల దారిలో కొంతదూరం పోయిన కణం నుంచీ మొలిచినట్టు వారు గుర్తించారు. మొదటి రెండు దారులూ నిజమేనన్నమాట.

గురిపెట్టిన మందులు, తప్పించుకునే కణాలు

ఈమధ్య సి.డి.19 గుర్తును చూసి బి-కణాలను చంపే చికిత్సలు వచ్చాయి. బ్లినటుమోమాబ్ అనే మందు ఒకటి. రోగి సొంత టి-కణాలను మార్చి మళ్ళీ ఎక్కించే కార్-టి చికిత్స రెండవది. ఇవి ఎందరో పిల్లలకు ప్రాణం పోశాయి. కాని ఆ గుర్తును విడిచేసిన కణం వీటి కంట పడదు. 2016లో అమెరికాలోని సియాటిల్ డాక్టర్లు, ఎం.ఎల్.ఎల్. లోపం ఉన్న ఏడుగురు రోగులకు కార్-టి చికిత్స చేసిన సంగతి ప్రకటించారు. ఏడుగురికీ జబ్బు అణిగింది. కాని ఇద్దరిలో అదే జబ్బు మైలాయిడ్ వేషంలో తిరిగి వచ్చింది. ఈ చికిత్సలు చెడ్డవని దీని అర్థం కాదు. ఎం.ఎల్.ఎల్. లోపం ఉన్న పిల్లలకు ఇవి ఇచ్చిన తర్వాత మైలాయిడ్ గుర్తుల కోసం కూడా వెతుకుతూ ఉండాలని అర్థం.

తప్పు ఎవరిది?

ఏ తల్లిదీ కాదు. అమెరికా, ఇంగ్లండు వంటి దేశాల్లో బిడ్డ పుట్టిన కొద్దిరోజుల్లోనే మడమ గుచ్చి, నాలుగు చుక్కల రక్తం అట్టముక్క మీద ఆరబెట్టి భద్రపరుస్తారు. లండనులోని మెల్ గ్రీవ్స్ బృందం, తర్వాత లుకేమియా వచ్చిన కొందరు పిల్లల పాత అట్టముక్కలను తీసి పరీక్షించింది. జబ్బు బయటపడకముందే, పుట్టిననాటి రక్తంలోనే, అదే అతుకు కనిపించింది. ఇది 1997లో ప్రచురించారు. కవలల మీద 1993లోనే వచ్చిన అధ్యయనం కూడా అంతే చెప్పింది. అంటే జన్యువు తెగింది గర్భంలో బిడ్డ రక్తకణంలోనే. తల్లి నుంచి గాని, తండ్రి నుంచి గాని వంశపారంపర్యంగా వచ్చింది కాదు. కోట్లాది కణాలు విభజన చెందుతున్నప్పుడు ఒకచోట జరిగిన పొరపాటు అది. గ్రహణం చూసినా చూడకున్నా, కూర తరిగినా తరగకున్నా దానితో నిమిత్తం లేదు. మీ అత్తగారు ఆ మాట దుఃఖంలో అని ఉంటారు. మీరు మాత్రం దాన్ని మనసులో పెట్టుకోవద్దు.

మీ పాప విషయం. ఒకే మాయను పంచుకున్న కవలలైతే ఒకరి లోపకణాలు రెండోవారికి రక్తంతోపాటు చేరే ప్రమాదం ఉంది. వారిని జాగ్రత్తగా గమనించాలి. మీ పాప కవల కాదు, ఆరేళ్ళ పిల్ల. ఆమెకు ప్రత్యేకంగా లుకేమియా పరీక్షలు అక్కరలేదు. ఇది అంటువ్యాధి కాదు. తమ్ముడి పక్కన కూచోనివ్వండి, ఆడుకోనివ్వండి. పాపకు జలుబో జ్వరమో ఉన్నప్పుడు మాత్రం దూరంగా ఉంచండి. అది బాబు క్షేమం కోసం.

ఇప్పుడు చెయ్యవలసింది

1. మొదటిసారి తీసిన మూలుగ స్లయిడ్లు, ఫ్లో సైటోమెట్రీ రిపోర్టు, క్రోమోజోమ్ రిపోర్టు ఎక్కడున్నా సంపాదించండి. అవి మీ హక్కు. ఇప్పటి రిపోర్టుల పక్కన పెట్టి రెండూ ఒకరే నిపుణుడు చూడాలి. మొదటిది తప్పా కాదా అన్నది ఇంట్లో వాదించుకుంటే తేలదు, అక్కడ తేలుతుంది.

2. డాక్టరును నాలుగు ప్రశ్నలు అడగండి. బాబుకు ఎం.ఎల్.ఎల్. లోపం ఉందా? ఇది పాత జబ్బేనా, కొత్తదా? వెన్నునీటిలో జబ్బు ఉందా? ఈ చికిత్సతో నయం చేయాలని చూస్తున్నారా, బాధ తగ్గించాలని చూస్తున్నారా?

3. సాధారణంగా ఈ దశలో ఎ.ఎం.ఎల్. మందులతో జబ్బును అణచి, ఆ తర్వాత మూలకణాల మార్పిడి చేస్తారు. అప్పుడు మీ పాప అవసరం పడవచ్చు. తోబుట్టువు కణాలు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. దాతకు పెద్ద ప్రమాదం లేని పని ఇది. అయినా పాపకు అర్థమయ్యేలా చెప్పి, భయం తీర్చి చేయించండి.

4. ఎం.ఎల్.ఎల్. లోపం ఉందని తేలితే రెవుమెనిబ్ అనే మందు గురించి అడగండి. తిరగబెట్టిన లుకేమియాలో ఏడాది దాటిన పిల్లలకూ పెద్దలకూ వాడడానికి అమెరికాలో 2024 నవంబరులో అనుమతి ఇచ్చారు. ఇది తెగిన ఆ జన్యువు చేసే పని మీదే గురిపెడుతుంది. అందువల్ల కణం ఏ కొమ్మదన్న దానితో దీనికి పనిలేదు. అందరికీ పనిచేస్తుందని చెప్పలేం. కాని వేరు మీద గురిపెట్టే మందులు రావడం మొదలైంది.

5. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. ఆస్పిరిన్ ఇవ్వవద్దు. ఊళ్ళో కండకు ఇంజక్షన్లు వేయించవద్దు, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే కండ లోపల రక్తస్రావం అవుతుంది. పసర్లూ, భస్మాలూ అసలు వద్దు. మందుల దెబ్బకు కాలేయం ముందే నలిగి ఉంటుంది.

6. డబ్బు గురించి సిగ్గుపడకుండా ఆస్పత్రిలోని ఆరోగ్యశ్రీ, వైద్యసేవ కౌంటర్లో అడగండి. హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ఆస్పత్రి కాన్సర్‌కు ప్రత్యేకించిన ప్రభుత్వ ఆస్పత్రి.

మీకు అబద్ధం చెప్పను. రకం మారి తిరగబెట్టిన లుకేమియాను నయం చేయడం కష్టం. కొందరు పిల్లలు గట్టెక్కుతున్నారు, చాలామంది గట్టెక్కడం లేదు. అయినా బాబుకు కావలసిన రక్తం, ప్లేట్‌లెట్లు, నొప్పి తగ్గించే మందు దొరికేది ఆస్పత్రిలోనే. నయం కాదని డాక్టర్లు తేల్చిన రోజున కూడా బిడ్డ నొప్పి లేకుండా ఉండేలా చూడడం వైద్యుల పని. ఆ రోజున కూడా నాటువైద్యానికి తీసుకువెళ్ళవద్దు.

తక్కిన పాఠకులకు రెండు మాటలు

లుకేమియా పిల్లలున్న ఇతర తల్లిదండ్రులు ఇది చదివి బెదరవద్దు. రెండేళ్ళ నుంచి పదేళ్ళ మధ్య ఎ.ఎల్.ఎల్. వచ్చిన పిల్లల్లో రకం మారడం బహు అరుదు. కొందరిలో చికిత్స మొదలైన తొలి వారాల్లో కణాలు మోనోసైట్లలా కనిపించడం కూడా కద్దు. అటువంటివారిలో చాలామందికి అదే చికిత్స కొనసాగించవచ్చు. అందుచేత రిపోర్టులో కొత్త పేరు కనిపించగానే మందు మానేయకుండా, దాన్ని రాసిన డాక్టరునే అడగండి.

రెండోది ఇంకా ముఖ్యం. పిల్లవాడు పాలిపోతున్నా, కారణం లేకుండా మచ్చలు లేస్తున్నా, కాళ్ళనొప్పులని రాత్రిళ్ళు ఏడుస్తున్నా, జ్వరం రెండు వారాలైనా వదలకున్నా ముందు రక్తపరీక్ష చేయించి, స్లయిడు కూడా చూడమని అడగండి. పరీక్ష కాకుండా స్టిరాయిడ్ మాత్రలు గాని, ఇంజక్షన్లు గాని వేయించవద్దు. స్టిరాయిడ్ లుకేమియా కణాలను కొన్నాళ్ళు అణచి పెడుతుంది. జ్వరం తగ్గుతుంది, పిల్లవాడు తేరుకున్నట్టే ఉంటాడు. నెల తిరిగేసరికి జబ్బు మొండికేసి వస్తుంది. అప్పుడు మూలుగ తీసినా కణం అసలు రకం గుర్తుపట్టడం కష్టమవుతుంది. మొదటి స్లయిడు సరిగ్గా ఉంటే, రేపు ఏం జరిగినా పోల్చి చూసుకోవడానికి ఆధారం ఉంటుంది.